ఉడుతకు ‘మందు’ అడిగేవారికి ఒక వైద్యుని మనవి

పెరటిలో పండ్లచెట్లు గల గృహస్థులు నా వద్దకు వచ్చినప్పుడు, నాడి చూపించుకొని, పథ్యం విని, లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. “శాస్త్రిగారూ, జామచెట్టు మీద ఒక్క కాయనూ నిలవనివ్వడం లేదు. ఉడుతలకు ఏదైనా మందు ఉంటే చెప్పండి.”

‘మందు’ అనే మాటను మనం రెండర్థాలలో వాడుతాము. రోగికి ఇచ్చేదీ మందే, ఎలుకకు పెట్టేదీ మందే. యుక్తి తెలిసినవాని చేతిలో విషం కూడా ఔషధమవుతుందనీ, తెలియనివాని చేతిలో ఔషధమే విషమవుతుందనీ చరకాచార్యుల బోధ. గురుకులంలో మా గురువుగారు ఈ మాటను మాచేత ఎన్నిసార్లు అప్పజెప్పించారో లెక్కలేదు. దాని బరువు నాకు పూర్తిగా తెలిసివచ్చినది మాత్రం గత వేసవిలో, మా వీధిలోనే.

జామపిందెలను ఉడుతలు కొరికి పారవేస్తున్నవని విసుగుచెందిన ఒక ఇంటి పెద్ద, ఎలుకల ముద్దను అరటిపండు ముక్కలలో కూరి ప్రహరీగోడ మీద పెట్టించారు. గోడకు అవతల పడిన ఒక ముక్కను పక్కింటి నాలుగేళ్ల పసివాడు చేతబట్టుకొని తిరుగుతూ అమ్మమ్మ కంటబడ్డాడు. నోట పెట్టాడో లేదో ఎవరూ చూడలేదు. ఆమె నాకు కబురుచేసి, నేను వెళ్లేలోపుగా గోరువెచ్చని పాలలో నెయ్యి కరిగించి సిద్ధంగా ఉంచింది.

ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నెయ్యి విషహరమని ఆమెకు ఒకప్పుడు చెప్పినవాడిని నేనే. మా శాస్త్రం ఆ మాట చెప్పినదీ నిజమే. కాని ఆ ముద్దలో ఉన్నది పసుపు భాస్వరం. అది కొవ్వులో కరిగే విషం. పాలు, నెయ్యి, నూనె పోస్తే ఒంటికి మరింత త్వరగా పడుతుంది. గిన్నె పక్కన పెట్టించి, ఆ ముద్ద ట్యూబును కూడా చేతికిచ్చి, పిల్లవానిని తక్షణం ఆసుపత్రికి పంపించాను. మొదటిరోజు వాడు మంచం మీద గంతులు వేస్తూనే ఉన్నాడు. ఇంటికి తీసుకువెళ్తామని తల్లిదండ్రులు అడిగితే అక్కడి వైద్యులు ఒప్పుకోలేదు. అదే వారు చేసిన మేలు. ఈ విషం ఒకటి రెండు రోజులు ఏమీ ఎరగనట్లు ఉండి, పిమ్మట కాలేయాన్ని పట్టుకుంటుంది. ఐదురోజులు రక్తపరీక్షలు చేసి, భయం లేదని రూఢి అయిన తరువాత పంపించారు. ఆ ఐదు రాత్రులూ ఆ ఇంట్లోవారు కంటికి కునుకెరుగరు. విషం పెట్టిన పెద్దమనిషి కూడా అంతే.

అష్టాంగాలలో అగదతంత్రం ఒకటి. సుశ్రుత సంహితలోని కల్పస్థానమంతా విషాలను గురించినదే. అందులో మూషికవిషానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. అయినా నేటి ఎలుకమందులను ఆ మహర్షులు ఎరుగరు. జింకు ఫాస్ఫైడు పొడి కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువును పుట్టిస్తుంది; దానికి విరుగుడు లేదు. మరికొన్ని బిళ్లలు రక్తాన్ని గడ్డకట్టనీయక, కొన్ని రోజుల తరువాత లోలోపల రక్తస్రావం కలిగిస్తాయి. కనుక ఆయుర్వేద వైద్యుడనైన నేనే చెబుతున్నాను: ఇటువంటి అనుమానం కలిగితే చిట్కాలకు, వాంతులు చేయించడానికి పూనుకోకండి. 108కి ఫోను చేయండి. విషపు డబ్బాను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్లండి. గృహవైద్యానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు చెప్పనివాడు వైద్యుడు కాడు.

ఇక ఉడుత సంగతి. రామసేతువు కట్టేవేళ ఇసుకరేణువులు మోసిన ఉడుత కథ వాల్మీకంలో లేదు. మన రంగనాథ రామాయణంలో ఉన్నది. ‘ఉడుతాభక్తి’ అనే మాట వాడని తెలుగు ఇల్లు లేదు. ఆ మాట వాడే నోటితోనే దానికి విషం పెట్టమనడం నాకు వింతగా తోస్తుంది. అయితే భక్తితో కథ చెప్పినంత మాత్రాన కాయలు నిలవవు. కష్టపడి నీళ్లుపోసి పెంచిన చెట్టు ఫలాన్ని కోరుకోవడం గృహస్థుని అత్యాశ కాదు. ఆ బాధ నాకూ తెలుసును. మా పెరటిలోనూ రెండు జామలు, ఒక దానిమ్మ ఉన్నవి.

ఒక విషయం గమనించండి. జామ, సపోటా మన సంహితలలో కనబడవు. అవి అమెరికా ఖండం నుండి వచ్చిన చెట్లు. ఉడుత మాత్రం ఇక్కడిదే. దాని ముందరిపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కనుక ఏదో ఒకటి కొరుకుతూ ఉండక దానికి గత్యంతరం లేదు. పురుగులను తింటుంది, పూలలోని తేనె తాగుతుంది. ఒకదానిని చంపినా, బోనులో పట్టి ఊరవతల వదిలినా, ఖాళీ అయిన చోటికి మరొకటి వస్తుంది. పట్టుకున్నది తల్లి అయితే గూటిలోని కళ్లు తెరవని పిల్లలు ఆకలితో చస్తాయి. ఇంత పాపం మూటగట్టుకొని దక్కించుకునేది నాలుగు జామకాయలు.

మరి చేయవలసినది ఏమిటి? నా అనుభవంలో మేలు కలిగించినవి చెబుతాను.

మొదటిది, కోత. ఉడుత మెచ్చేది చెట్టున పండిన పండును. మామిడి, సపోటా, సీతాఫలం ముదిరిన తరువాత కోసినా ఇంట పండుతాయి. సపోటాను గోటితో గీరితే లోపల పచ్చదనం కనబడకపోతే, సీతాఫలం కళ్లు విచ్చుకుంటే, కోతకు వచ్చినట్లే. చిక్కంతో కోసి వరిగడ్డిలోనో బియ్యపు డబ్బాలోనో మగ్గబెట్టండి. కార్బైడు జోలికి పోవద్దు. అది నిషిద్ధం, ఆరోగ్యానికి చేటు. జామను దోరగా ఉండగానే కోయండి. దానిమ్మకు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. కోసిన తరువాత అది పండదు.

రెండవది, కనుక దానిమ్మకు ముసుగు. కాయ నిమ్మకాయంత కాగానే పాత పంచె గుడ్డతో వదులుగా సంచి కుట్టి, మూతిని తొడిమ దగ్గర కట్టండి. పలుచని కాగితం నిలవదు. గుడ్డను సైతం కొరికే ఉడుతలు లేకపోలేదు. అటువంటిచోట సన్నని ఇనుపవల సంచి మేలు. మా ఇంట గుడ్డసంచులతోనే చాలావరకు కాయలు దక్కుతున్నవి.

మూడవది, దారి మూయడం. కొబ్బరితోటల్లో ఎలుకలు ఎక్కకుండా మాను చుట్టూ నున్నని రేకు చుట్టడం రైతులకు తెలిసినదే. నేలకు ఆరడుగుల ఎత్తున, రెండడుగుల వెడల్పు రేకు పెరటిచెట్టుకూ చుట్టవచ్చును. మాను లావెక్కేకొద్దీ వదులు చేస్తుండాలి. అయితే పక్కనున్న గోడ, దండెం, కేబులు తీగ, ఇంటి చూరు చెట్టుకు ఆనుకొని ఉంటే రేకు వ్యర్థం. కొమ్మలకూ వీటికీ నడుమ ఎనిమిది అడుగుల ఎడం ఉండేట్లు కత్తిరించండి. ఇరుకు పెరడులలో ఇది సాధ్యపడదు. వారికి సంచులే గతి.

నాలుగవది, కారపు నీళ్లు. మిరపకారం ఘాటు ఉడుతకు సోకుతుంది, పక్షులకు సోకదు. కాని ఒక్క వాన పడితే కొట్టుకుపోతుంది. చల్లేవారి కళ్లలో పడితే ప్రమాదం. పిల్లలున్న ఇంట నేను దీనిని సిఫారసు చేయను. వేసవిలో మాత్రం చెట్టుకు దూరంగా ఒక మట్టిమూకుడులో నీరు పెట్టి, రోజూ మార్చండి. దాహానికి కొరికే కాయలు కొన్నైనా తగ్గుతాయి.

ఇంకొక దురలవాటును గురించి చెప్పక తప్పదు. చిలుక కొరికినదీ, ఉడుత కొరికినదీ మహా తియ్యన అని మిగతా భాగాన్ని పిల్లలకు పెట్టే పెద్దలున్నారు. పురుగుపట్టిన ఫలాన్ని, చెడిన ఫలాన్ని వర్జించమని సుశ్రుతుడు స్పష్టంగా చెప్పాడు. పగలు కొరికినది ఉడుతో, రాత్రి కొరికినది గబ్బిలమో ఆ గాటును చూసి మనం పోల్చలేము. కేరళలో 2018లో ప్రాణాలు తీసిన నిపా వ్యాధికి మూలం పండ్లు తినే గబ్బిలాలు. తియ్యదనానికి ఆశపడి అంత సాహసం అవసరమా? గాటు పడిన పండును కోసి బాగుచేయడం కాదు, ఎరువుగుంటలో పూడ్చివేయండి. మంచి పండునైనా కడిగే తినండి.

కాయ పోయినదని చెట్టును తిట్టకండి. లేత జామాకులు గుప్పెడు కడిగి, రెండు గ్లాసుల నీటిలో ఒక గ్లాసు మిగిలేవరకు కాచి, వడకట్టి గోరువెచ్చగా పుక్కిలిస్తే చిగుళ్ల వాపుకు ఉపశమనం. శుభ్రమైన దానిమ్మ తొక్కను నీడన ఎండబెట్టి చేసిన చూర్ణం, చిటికెడు మజ్జిగలో, పెద్దల నీళ్లవిరేచనాలకు మన ఇళ్లలో వాడుకలో ఉన్నది. విరేచనాలు రెండురోజులు దాటినా, రక్తం కనబడినా వైద్యునికి చూపించండి. మందులు చల్లిన చెట్టు ఆకును మాత్రం వాడకూడదు. పెరటికి విషం తేకపోవడంలో ఈ లాభం కూడా ఉన్నది.

మా జామచెట్టు పైకొమ్మల కాయలను నేను ఉడుతలకే వదిలివేశాను. అవి ఎలాగూ నా చిక్కానికి అందవు. కింది కొమ్మలవి మా మనుమలకు సరిపోతున్నవి. గుమ్మం దగ్గర ఆగి అడిగేవారికి ఇప్పుడు నేను చెప్పే సమాధానం ఇదే: “ఉడుతకు జబ్బేమీ లేదమ్మా, మందు ఎందుకు? నాలుగు గుడ్డసంచులు కుట్టుకోండి. ఇంట్లో ఎలుకల ముద్ద ఏదైనా ఉంటే ముందు అది పిల్లల చేతికి అందని చోట ఉన్నదో లేదో చూసుకోండి.”