తాళం గిడ్డంగిది, పూచీ విక్రేతది

2014లో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖకూ అమెజాన్‌కూ మధ్య నడిచిన తగాదా ఇప్పుడు చాలామందికి గుర్తుండకపోవచ్చు. బెంగళూరు శివార్లలో ఆ సంస్థ నడిపే గిడ్డంగిని తమ ‘అదనపు వ్యాపార స్థలం’గా చూపించి సరుకు నిల్వ చేసుకున్న విక్రేతలకు శాఖ నోటీసులిచ్చింది. పలువురి రిజిస్ట్రేషన్లు చిక్కుల్లో పడ్డాయి. శాఖ వాదన సూటిగానే ఉండేది: సరుకు దించుకునేది, ప్యాక్ చేసేది, కొన్నవాడికి చేరవేసేది మీరే అయినప్పుడు డీలరు కూడా మీరే, పన్ను మీరే కట్టండి. అమ్మేది విక్రేతలు, మేం సేవలందించేవాళ్లం మాత్రమే అని సంస్థ జవాబిచ్చింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి వ్యాట్‌తో పాటు ఆ తగాదాకూ తెర దించింది. తేలింది మాత్రం పన్ను సంగతే. పరాయి గిడ్డంగిలో ఉన్న సరుకుకు పూచీ ఎవరిదన్నది తేలలేదు. సరుకు విక్రేతదే కావచ్చు, కానీ బండి గేటు ముందుకు వచ్చినప్పటి నుంచి దాని మీద అదుపు గిడ్డంగి నిర్వాహకుడిది. అదుపుతో పాటే నష్టభయం కూడా చేతులు మారాలన్నది నా వాదన.

ధర్మవరం నుంచి దేవనహళ్లి వైపు గిడ్డంగికి చీరల పెట్టెలు పంపే చిన్న వ్యాపారి సంగతే తీసుకుందాం. దూరం 200 కిలోమీటర్లు దాటదు. పొద్దున బయల్దేరిన బండి బాగేపల్లి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై మధ్యాహ్నానికి చేరుతుంది. సరిహద్దులో ఆపే పన్నుల చెక్‌పోస్టులు 2017లోనే పోయాయి. కష్టమంతా గేటు దగ్గరే. ఒక్కో చీరకు బార్‌కోడ్ స్టిక్కరు, పెట్టెకు వేరే లేబులు, అపాయింట్‌మెంట్ నంబరు, ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు అన్నీ సరిపోతేనే లోపలికి రానిస్తారు. స్లాట్ వేళకు బండి అందకపోతే సాధారణంగా వెనక్కి పంపి, మళ్లీ స్లాట్ తీసుకోమంటారు. వేళకు వచ్చినా లోపల డాక్ ఖాళీ లేకపోతే బండి బయటే పడిగాపులు కాయాలి. మొదటి ఆలస్యానికి శిక్ష ఉంది, రెండోదానికి లేదు. హాల్టింగ్ చార్జీ కోసం బండివాడు పట్టుకునేది సరుకు పంపినవాడినే. నలుగురి పార్సిళ్లు కలిపి తెచ్చే ట్రాన్స్‌పోర్టు లారీ అయితే ఒకరి పెట్టెల కోసం అసలు ఆగదు. బెంగళూరు గోడౌన్‌లో దించేసి పోతుంది, అక్కడి నుంచి ఇంకో చిన్న బండి మాట్లాడుకోవాలి. ఈలోగా ఈ-వే బిల్లు గడువు కరిగిపోతుంటుంది. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఆ బిల్లు తప్పనిసరి, 200 కిలోమీటర్లకు దక్కేది ఒక్క రోజు. సోమవారం తీసుకున్న బిల్లుకు మంగళవారం అర్ధరాత్రితో కాలం తీరుతుంది. అటూ ఇటూ ఎనిమిది గంటల్లో పొడిగించుకునే వీలుంది, నిజమే. కానీ గుర్తు పెట్టుకుని పొడిగించాల్సింది వ్యాపారో ట్రాన్స్‌పోర్టరో. బండిని ఆపినవాళ్లకు దానితో నిమిత్తం లేదు. గడువు తీరిన బిల్లుతో తిరిగి వస్తూ తనిఖీలో దొరికితే, సరుకు విడిపించుకోవడానికి పన్నుకు రెండింతలు జరిమానా. 5 శాతం పన్నున్న లక్ష రూపాయల చీరల మీద అది 10,000 రూపాయలు. పండగ సీజన్‌లో రద్దీకి గేటు మూసినందుకు ఆ మొత్తం కట్టేది గేటుకు బయట ఉన్నవాడు.

అసలు ఆ బండి కదలకముందే ఆ వ్యాపారికి కర్ణాటకలో ఇంకో జీఎస్టీ నంబరు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన అతనూ కర్ణాటకలో నమోదైన అతనూ చట్టం దృష్టిలో ఇద్దరు వేర్వేరు వ్యక్తులు. తన సరుకు తనకే పంపుకున్నా సరఫరాగానే లెక్క, రాష్ట్రాల మధ్య సరఫరాకు పడే ఐజీఎస్టీ చూపాలి. దానికి ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, కాదనను. అయితే ఆ క్రెడిట్ కర్ణాటక ఖాతాలో చీర అమ్ముడయ్యేదాకా కదలదు. అమ్ముడుపోని స్టాకు వెనక్కి తెప్పించుకుంటే ఇదే తంతు మళ్లీ ఎదురుదిశలో. 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న విక్రేతలకు రిజిస్ట్రేషన్ మినహాయింపు ఇచ్చారు కానీ, అది సొంత రాష్ట్రం దాటి అమ్మనివారికే. గిడ్డంగిని అదనపు స్థలంగా చూపాలంటే ముందు కర్ణాటకలో ఒక ప్రధాన వ్యాపార స్థలం ఉండాలి. అందుకే బెంగళూరులో ఆఫీసు చిరునామాను అద్దెకిచ్చే వ్యాపారమే ఒకటి పుట్టుకొచ్చింది. విక్రేత తాను ఎన్నడూ కూర్చోని గదికి అద్దె కడతాడు. తన పేరున వ్యాపార స్థలంగా నమోదైన గిడ్డంగిలోకి మాత్రం అనుమతి లేకుండా అడుగు పెట్టలేడు.

పెట్టెలు దిగాక జరిగేది ఇంకా ముఖ్యం. ట్రాన్స్‌పోర్టు కంపెనీ దగ్గర ఎల్ఆర్ (లారీ రసీదు) ఉంటుంది, దాని మీద పెట్టెలు ఎన్ని దించారో రాసి ముద్ర వేస్తారు. పెట్టెలో ఎన్ని చీరలున్నాయో లెక్క తేలేది తర్వాత, లోపల, విక్రేత మనిషి లేనప్పుడు. యాభై పంపితే నలభై ఏడు చేరాయని తెర మీద కనిపిస్తే, మిగిలిన మూడూ దారిలో పోయాయా, లోపల పోయాయా, అసలు పెట్టనే లేదా తేల్చేదెవరు? రోడ్డు రవాణా చట్టం కింద లారీ కంపెనీని నిలదీయాలంటే బుక్ చేసిన నాటి నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వక నోటీసివ్వాలి. పైగా ఎక్కువ విలువ ప్రకటించి అదనపు చార్జీ కట్టకపోతే ఆ కంపెనీ బాధ్యత కిరాయికి పది రెట్లు మించదు. సీలు చెదరకుండా పెట్టె అప్పగించానని లారీవాడు చూపిస్తే ఆ దారీ మూసుకుపోతుంది. ప్లాట్‌ఫామ్‌లకు నష్టపరిహార విధానాలు ఉన్నాయి, చాలాసార్లు డబ్బు వెనక్కి ఇస్తున్నాయి కూడా. కానీ ఆ విధానం రాసేదీ మార్చేదీ వాళ్లే. అమెరికాలో అమెజాన్ 2024 మార్చిలో, సరుకును వేర్వేరు గిడ్డంగులకు విడగొట్టి పంపని విక్రేతలపై కొత్త రుసుము వేసింది. 2025 మార్చిలో, పోయిన సరుకుకు అమ్మకపు ధరను బట్టి ఇచ్చే పరిహారాన్ని తయారీ ఖర్చుకు కుదించింది. అక్కడ అమ్ముకుంటున్న మన తెలుగువాళ్లకు ఇది అనుభవమే. దీనికి భిన్నంగా గుంటూరు మిర్చి రైతును చూడండి. కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు దించగానే అతని చేతికి బాండు వస్తుంది, దాన్ని బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. 2007 నాటి గిడ్డంగుల చట్టం అలాంటి రసీదుకు చట్టబద్ధత ఇచ్చింది, పైగా ఆ చట్టంలో సరుకంటే పంటలే అని హద్దు లేదు. కోట్ల రూపాయల యంత్రాలతో నడిచే బెంగళూరు గిడ్డంగి, కోల్డ్ స్టోరేజీ గుమాస్తా రాసిచ్చేపాటి కాగితం ఇవ్వలేదంటే నమ్మలేం.

సరుకు విక్రేతదే అని విదేశీ పెట్టుబడుల విధానమే చెబుతోంది కదా అనవచ్చు. 2016 మార్చి, 2018 డిసెంబరు ప్రెస్ నోట్ల ప్రకారం మార్కెట్‌ప్లేస్ సంస్థ సరుకుకు యజమాని కాకూడదు, గిడ్డంగి, రవాణా సేవలు మాత్రం ఇవ్వవచ్చు. ఆ నిబంధన చిన్న వ్యాపారుల రక్షణకు పెట్టింది, అది ఉండాల్సిందే. కానీ యాజమాన్యం వేరు, కాపలా వేరు. ఒకరి సొత్తును తన దగ్గర ఉంచుకున్నవాడు దాన్ని సొంత సొత్తంత జాగ్రత్తగా చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఎప్పుడో చెప్పింది. విక్రేతలూ మోసం చేస్తారు, తక్కువ పెట్టి ఎక్కువ రాస్తారు అన్నది ఇంకో అభ్యంతరం, ఇందులో నిజం ఉంది. అందుకే గేటు దగ్గరే ప్రతి పెట్టెనూ తూచి, ఫొటో తీసి, సీలు స్థితి రాసుకోవాలి. ఆ రికార్డు నిజాయితీపరుడిని ఎంత కాపాడుతుందో సంస్థనూ అంతే కాపాడుతుంది. దీనివల్ల ఖర్చు పెరుగుతుందంటారు. ఆ ఖర్చు ఇప్పటికే ఉంది, భరించే శక్తి అందరికన్నా తక్కువున్నవాడి మీద ఉంది. నచ్చకపోతే ఇంటి నుంచే కొరియర్‌లో పంపుకోవచ్చన్న మాట మాత్రం నాకు అన్నిటికన్నా బలహీనంగా కనిపిస్తుంది. త్వరగా చేరుతుందన్న గుర్తు ఉన్న సరుకే ముందు కనబడే చోట, ఆ గుర్తుకు గిడ్డంగే దగ్గరి దారి అయినప్పుడు, చిన్న విక్రేతకు మిగిలే ఎంపిక ఎంత?

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి 56వ సమావేశం, పలు రాష్ట్రాల్లో ప్లాట్‌ఫామ్‌ల ద్వారా అమ్మే చిన్న విక్రేతలు ప్రతి రాష్ట్రంలో ప్రధాన వ్యాపార స్థలం చూపలేక పడుతున్న ఇబ్బందిని గుర్తించి, సులభ రిజిస్ట్రేషన్ విధానాన్ని సూత్రప్రాయంగా ఆమోదించింది. దాన్ని నియమాలుగా మలిచేటప్పుడు ఒక వాక్యం చేర్చాలి: గేటు దగ్గర బండి నంబరు నమోదైన సమయంతో ఈ-వే బిల్లు బాధ్యత గిడ్డంగి నిర్వాహకుడికి మారాలి, తిప్పి పంపితే పొడిగింపు అతనే చేయించాలి. మిగతాది కర్ణాటక చేతుల్లో ఉంది. డెలివరీ కార్మికుల కోసం 2025లో చట్టం చేసిన ప్రభుత్వం, హోస్కోటె, మాలూరు, నెలమంగల, ఆనేకల్ చుట్టూ లేచే కొత్త గిడ్డంగులకు అనుమతి ఇచ్చేటప్పుడే లారీలు నిలిపేందుకు లోపల యార్డు, దించిన గంటలో పెట్టెలవారీ రసీదు, స్లాట్ దాటించినందుకు విక్రేతకు హాల్టింగ్ చెల్లింపు అనే మూడు షరతులు పెట్టవచ్చు.