పూలలోయకు తొలి అడుగు

ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు వెళ్ళదలచినవారు సాధారణంగా నడక గురించే ఆలోచిస్తారు. బూట్లు కొంటారు, చేతికర్ర సమకూర్చుకుంటారు. కాని ఆ యాత్ర ఫలిస్తుందా లేదా అన్నది చాలావరకు నడక మొదలయ్యే చోటికి చేరేలోపలే తేలిపోతుంది.

1931లో కామెట్ శిఖరాన్ని అధిరోహించి తిరిగివస్తూ ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయను చూసింది. 1938లో వెలువడిన ఆయన గ్రంథం దీనిని లోకానికి పరిచయం చేసింది. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

జూన్ నుంచి అక్టోబరు చివరివరకు లోయ తెరచి ఉన్నా, పూలు నిండుగా విరిసేది జులై, ఆగస్టు నెలల్లోనే. అది వానకాలం. పూలను పూయించే వానే కొండచరియలనూ దొర్లిస్తుంది. ఈ ఒక్క సంగతి మరచిపోకుండా రోజులు లెక్కవేసుకోవాలి.

ఋషీకేశ్ నుంచి గోవింద్‌ఘాట్ సుమారు 270 కిలోమీటర్లు. కొండదారిలో పగలంతా పడుతుంది. కనుక ఆ రాత్రికి జోషీమఠ్‌లో, అంటే నేటి జ్యోతిర్మఠ్‌లో, ఆగడం మేలు. మర్నాడు వేకువనే బయలుదేరితే గోవింద్‌ఘాట్‌లో వాహనం విడిచి, స్థానికుల జీపులో పుల్నా చేరవచ్చు. అక్కడి నుంచి ఘాంగరియాకు పది కిలోమీటర్లకు దగ్గరగా ఎగుడు నడక. హేమకుండ్ సాహిబ్‌కు వెళ్ళే సిక్కు యాత్రికులదీ ఇదే దారి. అందువల్ల జీపులకూ, ఘాంగరియాలో గదులకూ రద్దీ తప్పదు. లోయలో రాత్రి బస నిషిద్ధం. ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఘాంగరియాకు మరలవలసిందే.

తొలిసారి వెళ్ళినప్పుడు నేను తిరుగు ప్రయాణపు టిక్కెట్టుకు ముందు ఒక్క రోజైనా మిగుల్చుకోలేదు. జోషీమఠ్ దిగువన చరియ విరిగి దారి మూసుకుపోయింది. రెండు రోజులు సత్రం వసారాలో వాన చూస్తూ కూర్చుని, లోయ చూడకుండానే వెనుదిరిగాను. స్మైత్ పుస్తకం సంచిలోనే ఉంది. మరోసారి రెండు రోజులు అదనంగా పెట్టుకొని వెళ్ళాను. ఒక రోజు దారికే ఖర్చయింది. రెండవది లోయలో గడిపాను.

2013 జూన్ వరదల్లో గోవింద్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయింది. 2025 మార్చిలో కొండరాళ్ళు పడి అక్కడి వంతెన మళ్ళీ కూలింది. బయలుదేరే ముందు దారి సంగతి విచారించుకోవడం పిరికితనం కాదు.

కొండ మన సెలవుల లెక్క చూడదు. మనమే కొండకోసం ఒక రోజు విడిచిపెట్టాలి.