బోనెట్ ఎటు తెరుచుకోవాలి?

మొన్న జూలైలో తొమ్మిదో తరగతికి సంధులు చెబుతుంటే ఒక పిల్లాడు లేచి, "మేడం, మా తాతగారి కారు బోనెట్‌ని నాన్నగారు తిప్పించేస్తానంటున్నారు. అది తప్పు కదా?" అని అడిగాడు. సవర్ణదీర్ఘ సంధి అక్కడే ఆగిపోయింది. ఆ రోజు క్లాసులో సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ కారు 1968 నాటి అంబాసిడర్ మార్క్-2. తాతగారు విశాఖపట్నంలో కొన్నారు. ఆయన పోయాక కొడుక్కి అండమాన్ బదిలీ వచ్చింది. బదిలీ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? ఫ్రిజ్ అమ్మేస్తాం, మంచాలు పక్కింటివాళ్లకి ఇచ్చేస్తాం, తులసి కుండీ ఎవరికో అప్పజెప్పి వస్తాం. వాళ్లూ అన్నీ వదిలేసి, కారును మాత్రం ఓడ ఎక్కించారు.

ఇక్కడి ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. రెండు వర్షాకాలాలకే బోనెట్ గొళ్ళెం తుప్పు పట్టింది. ఒక సాయంత్రం జంగ్లీఘాట్ వైపు దిగుతుంటే అది ఊడి, బోనెట్ లేచి ముందు అద్దానికి అడ్డంగా నిలబడింది. పక్కనున్న కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తూ నాన్నగారు బండి ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వెనక సీట్లో నాయనమ్మ, చెల్లి ఉన్నారు.

జంగ్లీఘాట్‌లో వాళ్ల బండి చూసే మెకానిక్‌ది శ్రీకాకుళం వైపు కుటుంబం. చేపల వేటకని వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లలో ఆయన తండ్రి ఒకరు. నేను చూడ్డానికి వెళితే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "మడతబందు ఎనకాల ఉంది కాబట్టి గాలి మూతని లేపేసింది మేడంగారూ. ఎదర పెట్టేస్తే అదే గాలి మూతని కిందకి తొక్కుతాది. గొళ్ళెం ఊడినా లెగదు."

ఆయన చెప్పింది నిజమే. అంబాసిడర్ బోనెట్‌కి మడతబందులు అద్దం దగ్గర ఉంటాయి, నోరు ముందుకు తెరుచుకుంటుంది, మొసలి నోరులా. ఎదురుగాలి ఆ నోట్లోకి దూరితే ఆగదు. మడతబందులు ముందు ఉంటే ఆ భయం తక్కువ. ఇది ఆయన కనిపెట్టిందేమీ కాదు. 1960లలో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి బోనెట్, ముందు మడ్‌గార్డులు అన్నీ ఒకే ముక్కగా ముందుకు వాలేవి. చక్రం దగ్గర కూర్చుని ఇంజిన్ బాగుచేసుకోవచ్చు. ఇంకా వెనక్కి వెళితే అసలు పద్ధతే వేరు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ ఉంది. సెలవుల్లో వెళితే చూడండి. ఆ కాలం కార్ల బోనెట్లు నడిమధ్య బందుతో, సీతాకోకచిలుక రెక్కల్లా పక్కలకి లేచేవి.

కాబట్టి బోనెట్ ఇటే తెరుచుకోవాలని శాసనం ఏదీ లేదు. అయితే పని మాత్రం మెకానిక్ చెప్పినంత సులువు కాదు. టిఫిన్ డబ్బా మూత అంచునే కీలుగా చేసి వాల్చి చూడండి, ఆ అంచు లోపలికి తిరిగి డబ్బాకే కొట్టుకుంటుంది. అంబాసిడర్ ముక్కు గుండ్రంగా కిందికి వంగి ఉంటుంది, దాని కింద గ్రిల్, బంపర్. కీలు ముక్కుకి కాస్త ముందుగా, కిందుగా రావాలి, లేదా వంపు చేతులు పెట్టాలి. గొళ్ళెం వెనక్కి వెళ్లాలి, దాన్ని లాగే తీగకి కొత్త దారి కావాలి. ముందు ఏదైనా గుద్దితే కీళ్లు వంగి బోనెట్ తెరుచుకోకపోవచ్చు. ఈ చివరి మాట అడిగితే మెకానిక్ తల గోక్కున్నాడు.

మరునాడు క్లాసు రెండుగా చీలిపోయింది. ప్రాణం ముఖ్యం, మార్చాలని సగంమంది. తాతగారి గుర్తు, ముట్టుకోకూడదని మిగతావాళ్లు. ముట్టుకోకూడదన్నవాళ్ల దగ్గర ఒక బలమైన వాదన ఉంది. 2021లో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకి వింటేజ్ గుర్తింపు రావాలంటే అది అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారి ఉండకూడదు. తిప్పించిన బోనెట్‌తో ఆ గుర్తింపు అడగడం కష్టమే.

కానీ అదే నియమాల్లో రెండో సగం ఉంది. వింటేజ్‌గా నమోదైన బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, మరమ్మతుకి తప్ప రోడ్డెక్కకూడదు. వీళ్ల కారు ఆదివారం జంగ్లీఘాట్‌కి చేపలకి వెళ్తుంది, నాయనమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తుంది. అది గాజుపెట్టెలో పెట్టే కారు కాదు. ముందు ఆ ఇంట్లో తేల్చుకోవలసింది ఇదే. బోనెట్ సంగతి ఆ తర్వాత.

అప్పుడే నాలుగు స్కూళ్లు మారి వచ్చిన ఒక అమ్మాయి, "అసలు రూపం అంటే ఏ రోజు రూపం మేడం?" అంది. మీలో ఎవరినైనా "మీ సొంతూరు ఏది?" అని అడిగితే కాస్త తడబడతారు చూడండి, నాకా తడబాటే వచ్చింది. అంబాసిడరే ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని తెచ్చి మన రోడ్లకి దిద్దుకున్న బండి. 2014లో ఉత్తరపాడాలో తయారీ ఆగిపోయేలోపు కంపెనీయే దానికి డీజిల్ ఇంజిన్ పెట్టింది, తర్వాత ఇసుజు ఇంజిన్ పెట్టింది, ముఖం మార్చింది.

నా అభిప్రాయం ఇది. మొదట కొత్త గొళ్ళెం వేయించాలి, దానికి తోడు రెండో కొక్కెం కూడా. ప్రమాదానికి అసలు కారణం తుప్పు. దాన్ని వదిలేసి బందు తిప్పితే కొత్త బందూ తుప్పు పడుతుంది. అది అయ్యాక కూడా తిప్పాలనే అనుకుంటే తిప్పవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక్క రేకు కోయకూడదు, ఒక్క చోట వెల్డింగ్ పెట్టకూడదు. ఉన్న కన్నాల్లోనే బోల్టులతో బిగించాలి. ముందు అట్టముక్కతో నమూనా చేసి వాల్చి చూడాలి. రవాణా కార్యాలయంలో ఒక మాట అడగాలి. తీసిన బందులు నూనె రాసి దాచాలి, రేపు ఇంకెవరైనా వాటిని మళ్లీ బిగించుకోగలగాలి. అలా కుదరదని మెకానిక్ అంటే, ఆ పని మానుకోవాలి.

ఈ చివరి షరతు నాది కాదు, తాతగారిది. వారం తర్వాత పిల్లాడు కారు డాష్‌బోర్డులో దొరికిందని ఒక నోటుబుక్కు తెచ్చాడు. గొలుసుకట్టు తెలుగు రాత. పుట్టినప్పటి నుంచి మూడు రాష్ట్రాలు తిరిగిన వాడికి అచ్చు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు, ఈ రాత అసలు అర్థం కాలేదు. క్లాసులో నేనే చదివాను. "డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టించితిని. పాత డైనమో అటక మీద ఉన్నది." ఇంకో పేజీలో: "వెనుక సీటు గుడ్డ మార్చితిమి. పాత గుడ్డ ముక్క ఒకటి డిక్కీలో." ఇలా పదకొండు పేజీలు. ముట్టుకోకూడదన్న జట్టు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

గొళ్ళెం మారింది. బోనెట్ సంగతి దీపావళి సెలవుల తర్వాత చూద్దామన్నారట నాన్నగారు. నోటుబుక్కులో పన్నెండో పేజీ పిల్లాడు రాశాడు, నాకు చూపించాడు: "గొల్లెం తీసి కొత్తది పెట్టించితిమి. పాతది బిస్కెట్ డబ్బాలో ఉన్నది." గొళ్ళెంలో 'ళ' దిద్దాను. "పెట్టించితిమి" అని ఇప్పుడెవరూ రాయరు, అయినా దాని జోలికి పోలేదు.