పుట్టింటి ప్లేటు
ఏ ఊరు వెళ్ళినా పాత గ్రామఫోను ప్లేట్ల కొట్టు వెతకడం నాకొక పిచ్చి. బసచేసిన హోటల్లో అడిగితే అద్దాల షాపుకు పంపుతారు. గ్రామఫోను బాగుచేసే మనిషిని పట్టుకోవాలి. ఎవరి దగ్గర సరుకుందో అతనికే తెలుస్తుంది.

ఇటీవల కలకత్తాలో అలాగే ఫ్రీ స్కూల్ స్ట్రీటు చేరాను. (పేరు మార్చి మీర్జా గాలిబ్ వీధి అన్నారు, మా రిక్షావాడికి మాత్రం పాత పేరే తెలుసు.) ఒక కొట్లో, అట్టడుగు దొంతరలో తెలుగక్షరాలు! హరిశ్చంద్ర నాటక పద్యాలు. ఆ ఊరి శివార్లలో 1928లో పెట్టిన దమ్‌దమ్ ఫ్యాక్టరీలోనే మన తెలుగు ప్లేట్లెన్నో తయారయ్యేవి. ఇదీ పుట్టింటికే చేరిందనుకున్నాను.

అటువంటిదే మా తాతగారికుండేది. లక్క ప్లేటు కదా, చిన్నప్పుడు నేను దానిమీద కూర్చుంటే రెండు ముక్కలైంది. ఆయన తిట్టలేదు, ముక్కలు పారెయ్యనివ్వనూ లేదు.

కొట్టాయన నేనడక్కుండానే మెషీను మీద పెట్టాడు. నిమిషానికి 78 చుట్లు, ఒక వైపు సుమారు 3 నిమిషాలు. రెండో వైపు వెంట్రుకంత పగులు. సూది అక్కడికి వచ్చినప్పుడల్లా టిక్కుమంటోంది. అది తనే చూపించి ధర తగ్గించాడు. అలా వినిపించి అమ్మేదాన్నే నేను మంచి కొట్టంటాను.

రైల్లో దాన్ని ఒళ్ళోనే పెట్టుకు వచ్చాను. రాత్రంతా తను నిద్రపోలేదు, నన్నూ పోనివ్వలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతోంది.