పిట్టగోడ లేని బండి



గత నెలలో ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక మా సంఘ సహోదరుడొకరు నా కోసం ఆగారు. పెదపారుపూడి చుట్టుపక్కల ఊళ్ళలో కూరగాయలు కొని తెల్లవారకముందే గుడివాడ తీసుకువెళ్ళి అమ్ముకునే మనిషి. పాత డీజిలు బండి తీసేసి, కరెంటుతో నడిచే చిన్న ట్రక్కు కొనాలని ఆయన ఆలోచన.

"అయ్యగారూ, డీజిలు ఖర్చు కలిసివస్తుంది. వారమంతా సరుకు వేసుకోవచ్చు. ఆదివారం ఇంటిల్లిపాదీ ఎక్కి గుడికి రావచ్చు. ఒకటే అనుమానం. ఎక్కడైనా గుద్దుకుంటే పిల్లలకు ఏమీ కాకుండా ఉంటుందా? అమెరికాలో ఇలాంటి కరెంటు పికప్పుకే అయిదు నక్షత్రాలు వచ్చాయని మా మేనల్లుడు ఫోనులో చూపించాడు" అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఒక వారం గడువు అడిగాను. తెలియనివి తెలుసుకోవడం ఒక కారణం. రెండో కారణం నా మనస్సాక్షి. దాన్ని గూర్చి కింద చెబుతాను.

ముందు ఆ నక్షత్రాల సంగతి చూద్దాము. బండిలో మనిషంత బొమ్మలను కూర్చోబెట్టి, కొలిచిన వేగంతో అడ్డుగోడకు గుద్దిస్తారు. బొమ్మ తలకు, రొమ్ముకు, కాళ్ళకు ఎంత దెబ్బ తగిలిందో యంత్రాలు లెక్కగడతాయి. దాన్నిబట్టి ఒకటి నుండి అయిదు నక్షత్రాలు. మన దేశంలో ఈ పరీక్షను భారత్ ఎన్‌క్యాప్ అంటారు. 2023 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్నది. ముందు నుంచి గుద్దే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, పక్క నుంచి గుద్దేది 50 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. పిల్లల క్షేమానికి వేరే నక్షత్రాలు ఇస్తారు. కరెంటు కార్లను కూడా పరీక్షిస్తారు. 2024లో టాటా పంచ్, నెక్సాన్ కరెంటు కార్లకు అయిదేసి నక్షత్రాలు వచ్చాయి.

అయితే మన సహోదరుడు గమనించని మాట ఒకటున్నది. ఈ పరీక్ష మనుషులు ప్రయాణించే కార్లకే. డ్రైవరు గాక ఎనిమిది మందికి మించకుండా కూర్చునే బండ్లకే నక్షత్రాలు. సరుకు బండి అందులోకి రాదు. టాటా ఏస్ కరెంటు బండి 2022లో వచ్చింది. మొదటి రకం 600 కిలోలు మోసేది, 2024లో 1000 కిలోలు మోసే రకం కూడా వచ్చింది. అది సరుకు మోయడానికి చేసిన బండి. దానికి నక్షత్రాలు లేవంటే అది చెడ్డదని కాదు, దాని వెనుక భాగంలో కుటుంబం కూర్చుంటుందని ఎవరూ అనుకోలేదని అర్థము.

మరి అమెరికా పికప్పు? టెస్లా కంపెనీ వారి సైబర్‌ట్రక్కుకు 2025లో అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ అయిదు నక్షత్రాలు ఇచ్చిన మాట నిజమే. కానీ అది దాదాపు మూడు టన్నుల బండి. కారులో ఉన్నట్టే రెండు వరుసల సీట్లు, బెల్టులు, గాలిసంచులు ఉంటాయి. నక్షత్రాలు వచ్చింది లోపల బెల్టు పెట్టుకుని కూర్చున్నవారి కోసం, వెనుక తొట్టిలో నిలబడేవారి కోసం కాదు. ఇంకొక సంగతి. ఎదురుగా గుద్దే పరీక్షలో వచ్చిన నక్షత్రాలను దాదాపు సమానమైన బరువున్న బండ్ల మధ్యనే పోల్చాలని ఆ సంస్థే చెబుతున్నది. రోడ్డు మీద మన చిన్న ట్రక్కుకు ఎదురు వచ్చేది కంటైనర్ లారీ. పేరు రెండింటికీ పికప్పే కావచ్చు, మేనల్లుడు చూపించిన బండి వేరు, మామ కొనబోయే బండి వేరు.

ఇప్పుడు నా మనస్సాక్షి సంగతి చెబుతాను. మూడేళ్ళ క్రితం కూటాలకు వెళ్ళడానికి మా సంఘస్థులను సరుకు బండిలో ఎక్కించినది నేనే. అద్దె తక్కువ, అందరం కలిసి పాడుకుంటూ వెళ్ళవచ్చునని అనుకున్నాను. తొట్టిలో ఇరవై ఇద్దరు. నేను మాత్రం ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాను. కాలువ గట్టు మలుపులో గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. వెనుక ఉన్నవారంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒక పెద్దావిడకు మణికట్టు విరిగింది. ఆరేళ్ళ పాప తొట్టి అంచు మీదుగా కిందపడింది. గడ్డి మీద పడింది గనుక బ్రతికింది. రెండడుగులు అవతల కాలువ. మరుసటి ఆదివారం అందరం కృతజ్ఞతలు చెల్లించాము. ఆ పాపను అక్కడ ఎక్కించినది ఎవరని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నాను.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో కొత్త ఇల్లు కట్టేవానికి ఒక ఆజ్ఞ ఉన్నది. మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవరైనా పైనుండి పడితే ఆ దోషము ఇంటివాని మీదికే వస్తుంది. నేను దీని మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. పిట్టగోడ లేని బండి మీదికి నా చేతులతోనే పిల్లలను ఎక్కించినప్పుడు మాత్రం ఆ వాక్యము నాకు గుర్తుకు రాలేదు.

మెల్లగానే వెళతాము కదా అంటారు. లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి దేన్నైనా గుద్దుకుంటే, బెల్టు లేని మనిషికి తగిలే దెబ్బ ఆరు మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మిద్దె మీది నుంచి పడినట్టు. 60 కిలోమీటర్లైతే పధ్నాలుగు మీటర్లు, నాలుగంతస్తులు. 50 కిలోమీటర్ల వేగంలో బండి రెప్పపాటులో ఆగిపోతే, తల్లి ఒడిలోని 10 కిలోల బిడ్డ ఆ క్షణానికి 140 కిలోల బరువుతో ముందుకు దూసుకుపోతుంది. ఏ తల్లి చేతులు ఆ బరువును ఆపగలవు? ప్రేమ లేక కాదు, బలము చాలదు.

ఇవి పుస్తకాల లెక్కలు మాత్రమే కావు. 2024 జూన్ 14న మన జిల్లాలోనే, కృత్తివెన్ను మండలం సీతనపల్లి దగ్గర, మినీ వ్యాను, కంటైనర్ లారీ గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అదే సంవత్సరం సెప్టెంబరు 10 రాత్రి తూర్పుగోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో జీడిపిక్కల బస్తాలతో వెళుతున్న మినీ లారీ తిరగబడింది. బస్తాల కింద పడి ఏడుగురు కూలీలు ప్రాణాలు విడిచారు. సరుకు, మనుషులు ఒకే తొట్టిలో ఉంటే, బండి తిరగబడినప్పుడు సరుకే మనిషిని చంపుతుంది.

కనుక కరెంటు ట్రక్కు కొనేవారు నాలుగు సంగతులు చూచుకోవాలి.

మొదటిది, ముందు క్యాబిన్. ఎన్ని సీట్లు, ఎన్ని బెల్టులు ఉన్నాయో చూడండి. చిన్న ట్రక్కుల్లో చాలావాటికి రెండే. రెండు బెల్టులంటే ఇద్దరు మనుషులు, మధ్యలో ఇరికించిన పిల్లవాడు లెక్కలోకి రాడు. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టు గాని పిల్లల సీటు గాని తప్పదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. కారుకు ముందు ముక్కు ఉంటుంది. గుద్దుకున్నప్పుడు అది నలిగి దెబ్బను మింగుతుంది. చిన్న ట్రక్కుకు ఆ ముక్కు చాలా పొట్టి. డ్రైవరు మోకాళ్ళ ముందే రేకు. ఈ తేడాను కళ్ళారా చూచి కొనండి.

రెండవది, బ్యాటరీ. బరువైన బ్యాటరీ కింద ఉండటం వలన బండి తేలికగా తిరగబడదు, ఇది మంచిదే. 2022 డిసెంబరు నుండి బ్యాటరీల భద్రతకు నియమాలు కఠినమయ్యాయి, సరుకు బండ్లకు కూడా వర్తిస్తాయి. అయినా గట్టి దెబ్బ తిన్న బ్యాటరీ గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు రోజుల తరువాత కూడా అంటుకోవచ్చు. గుద్దుకున్న బండిని, కాలువలో గాని వరదలో గాని మునిగిన బండిని ఇంటి పక్కన పెట్టకండి, మెకానిక్కు చూడనిదే ఛార్జింగు పెట్టకండి. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో తుపాను వచ్చినప్పుడు ఉప్పునీట మునిగిన కరెంటు కార్లు తరువాత తగలబడ్డాయి. బందరు, నాగాయలంక వైపువారు దీన్ని మరింత గుర్తుంచుకోవాలి.

మూడవది, తలుపులు. కరెంటు పోయినా తలుపు చేతితో తెరుచుకుంటుందా? 2024 నవంబరులో కాలిఫోర్నియాలో ఒక సైబర్‌ట్రక్కు చెట్టును గుద్ది తగలబడినప్పుడు లోపలున్న ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. తలుపులు తెరుచుకోలేదంటూ కుటుంబాలు కోర్టుకు వెళ్ళాయి. కొనే ముందు తలుపు తెరిచే పద్ధతి ఇంట్లో అందరికీ చూపించండి.

నాల్గవది, ఇన్సూరెన్సు. ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. సరుకు బండిలో ఊరికే ఎక్కి ప్రయాణించేవారికి నష్టపరిహారం ఇచ్చే బాధ్యత ఇన్సూరెన్సు కంపెనీకి లేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సరుకు యజమానికి, ఆయన తరఫున సరుకు వెంట వెళ్ళేవారికి మాత్రమే 1994 సవరణ ప్రకారం వర్తింపు ఉన్నది. మిగిలినవారికి ఏదైనా జరిగితే ఆ భారం బండి యజమాని మీద పడుతుంది. అంటే సహాయం చేద్దామని పదిమందిని ఎక్కించుకున్నవాడు పొలం అమ్ముకునే పరిస్థితి వస్తుంది, చనిపోయినవారి ఇంటికి న్యాయమూ దొరకదు.

నక్షత్రాలున్న కారైనా సరే, బెల్టు లేకుంటే నక్షత్రాలు ఆదుకోవు. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రమాదంలో చనిపోయారు. ఆయనది ఖరీదైన కారు. వెనుక సీటులో కూర్చున్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

వారం తరువాత ఇదంతా సహోదరునికి చెప్పాను. "సరుకుకైతే కొనండి. మంచి బండే. కుటుంబానికి మాత్రం అది బండి కాదు" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మా అమ్మ నడవలేదు అయ్యగారూ, ఆటోకు ప్రతివారం డబ్బు ఎక్కడ తేను?" అన్నారు. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. క్యాబిన్‌లో ఆయన పక్కన బెల్టు పెట్టుకుని తల్లి రావచ్చు. భార్య, పిల్లలు బస్సులో రావాలి. 2025 ఆగస్టు 15 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేదు గనుక కొంత వెసులుబాటు. బస్సు రాని ఊళ్ళవారి కష్టం అలాగే ఉన్నది.

ఈ ఏటి కూటాలకు మా సంఘం సరుకు బండి మాట్లాడటం లేదు. ఆర్టీసీ బస్సు అద్దెకు తీసుకుంటున్నాము. ఖర్చు ఎక్కువని పెద్దలిద్దరు అభ్యంతరం చెప్పారు. వారి మాటలో నిజమున్నది. చందా చాలకపోతే కొందరు రాలేకపోతారు. ఆ లోటును నా జీతంలో కొంత, యౌవనస్థుల విరాళంలో కొంత పూడ్చాలని తీర్మానించాము. కిందపడిన ఆ పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. కిటికీ పక్క సీటు తనదేనని ఇప్పుడే చెప్పి పెట్టింది.

మీ సంఘంలో కూటాలకు, పెండ్లికి, పుష్కర స్నానానికి వెళ్ళే పొరుగువారికి కూడా ఈ మాట చెప్పండి. బండి తాళాలు చేతికి తీసుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి, దానికి పిట్టగోడ ఉన్నదా?

వచ్చే నెల మరల కలుసుకొందాము.