కంపలన్నీ పులికంపలు కావు

పైన వీడియోలో పులికంపను వేరుతో సహా ఎలా తీయాలో చూపించాను. అందులో చెప్పడానికి టైమ్ సరిపోని మాట ఒకటి ఉంది. అసలు ముఖ్యమైంది అదే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఈ మధ్య మన ప్రకృతి వ్యవసాయ రైతులు కూడా గట్లు ‘క్లీన్’ చేయిస్తున్నారు. గంటకు ఇంతని జేసీబీ మాట్లాడుకుని, ముల్లు కనిపించిన ప్రతి పొదనీ పెకలించి అవతల పారేస్తున్నారు. ఎందుకండీ అంటే, "లాంటానా కదా, ఉండకూడదు" అంటారు. ఉండకూడదు, నిజమే. కానీ ఆ కుప్ప దగ్గరికి వెళ్లి చూడండి. పులికంపతో పాటు బలుసు, కలివి, పరికి కూడా ఎండిపోతూ కనిపిస్తాయి. గుర్తుపట్టడం రాకుండా గట్టు మీద కొడవలి కూడా పెట్టకూడదని నా అభిప్రాయం. జేసీబీ సంగతి చెప్పక్కర్లేదు.

పులికంప, అదే లాంటానా కమారా, మన దేశపు మొక్క కాదు. పుట్టిల్లు అమెరికా ఖండాల్లోని వేడి ప్రాంతాలు. పూలు బాగున్నాయని 1800ల మొదట్లో తెల్లదొరలు కలకత్తా తోటకు తెచ్చారు. తోటలోంచి కంచెకు, కంచెలోంచి అడవికి పాకింది. పండు తిన్న పిట్ట ఎక్కడ రెట్ట వేస్తే అక్కడ మొలుస్తుంది. ఇప్పుడు కొండ వాలుల్లో పశువుల దారి కూడా మూసుకుపోయేలా అల్లుకుంటోంది. దాని కింద గడ్డి సరిగ్గా లేవదు.

సరే, గుర్తుపట్టడం ఎలా? పూత ఉంటే పని సులువు. ఒకే గుత్తిలో రెండు రంగులుంటాయి. కొత్తగా విచ్చిన పూలు మధ్యలో పసుపుగా, ముందు విచ్చినవి అంచున నారింజ, గులాబీ, ఎరుపు రంగుల్లోకి తిరుగుతాయి. పూత లేనప్పుడే మనవాళ్లు మోసపోతారు. అప్పుడు లేత కొమ్మను రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా తిప్పండి. గుండ్రంగా దొర్లదు, నాలుగు పలకలు తగులుతాయి. ముదురు మొదలు చూస్తే ఈ సంగతి తెలియదు, లేత కొమ్మే చూడాలి. ముళ్లు చిన్నవి, వెనక్కి వంగి చొక్కా పట్టుకుని లాగుతాయి. ఆకులు ఎదురెదురుగా జంటగా ఉంటాయి, అంచు రంపంలా, పైభాగం గరుకు కాగితంలా ఉంటుంది. నలిపితే ఘాటు వాసన. ఒక్కసారి ముక్కుకు తగిలితే మర్చిపోరు. కాయలు గుత్తులుగా, పచ్చగా ఉండి పండాక నిగనిగలాడే నీలి నలుపులోకి వస్తాయి. ముళ్లు బాగా తక్కువున్న రకాలు కూడా ఉన్నాయి కాబట్టి ముల్లు ఒక్కటే చూసి తేల్చేయకండి.

ఇక మనవి. కలివికి కూడా ఆకులు ఎదురెదురుగానే ఉంటాయి, కానీ నున్నగా మెరుస్తాయి. ఆకు తుంచితే తెల్లటి పాలు వస్తాయి. పులికంపకు పాలు రావు. కలివి ముల్లు నిటారుగా, గట్టిగా ఉంటుంది. బలుసు ముళ్లు జంటలుగా ఎదురెదురుగా, తిన్నగా ఉంటాయి. ఆకు అంచుకు రంపం ఉండదు, వాసనా ఉండదు. బతికుంటే బలుసాకు తినొచ్చు అన్న సామెత పుట్టింది ఈ మొక్క మీదే, దాన్ని జేసీబీకి ఇచ్చేస్తున్నాం. పరికి ముల్లు కొక్కెంలా ఉంటుంది గానీ ఆకులు జంటగా రావు, ఒకటి ఇటు ఒకటి అటు వస్తాయి. రేగాకులో లాగా మొదట్లోనే మూడు ఈనెలు కనిపిస్తాయి.

ఈ ముళ్ల పొదల విలువ తెలియాలంటే కడప జిల్లా లంకమల వైపు చూడాలి. ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది అక్కడే. అది బతికేది ఇలాంటి చిట్టడవిలోనే. దాని పేరులో ఉన్నది కూడా ఈ కలివి పొదే. మన గట్టు మీదికి కలివికోడి వస్తుందని కాదు. ముళ్లున్నదల్లా పనికిరానిది అనుకునే అలవాటు గురించి చెబుతున్నాను.

"దశపర్ణి కషాయంలో లాంటానా ఆకు వేస్తాం కదా, గట్టు మీద ఒక వరస ఉండనిద్దాం" అనే వాళ్లున్నారు. ఒప్పుకోను. కషాయానికి కావలసింది రెండు కిలోల ఆకు. దానికోసం వరస పెంచక్కర్లేదు, బీడులో ఉన్నది కోసుకుంటే చాలు. సీతాకోకచిలుకలు వస్తాయనేది ఇంకో మాట. తేనె కోసం వస్తాయి, అబద్ధం కాదు. కానీ వాటి పిల్లలకు తినడానికి ఆకు కావాలి కదా. నిమ్మ మీద పెరిగే గొంగళి పులికంప ఆకు ముట్టదు. నర్సరీల్లో పొట్టి రకమని, రంగు రంగులదని కుండీల్లో అమ్ముతున్నది కూడా చాలావరకు ఈ జాతిదే. కొండకు దగ్గర పొలమున్నవాళ్లు దాన్ని ఇంటికి తేకండి.

పశువుల సంగతి మాత్రం పొరపాటున కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఆకులో లాంటడీన్ అనే విషం ఉంటుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అలవాటున్న ఆవు దాని జోలికి పోదు. బయట నుంచి కొత్తగా కొన్నది, మేత లేక ఆకలి మీదున్నది తింటుంది. కామెర్లు వస్తాయి, మేత మానేస్తుంది, ఎండ తగిలితే తెల్ల మచ్చలున్న చోట చర్మం పగులుతుంది. వెంటనే నీడలో కట్టి పశువైద్యుడిని పిలవాలి. పచ్చి కాయలు పిల్లల నోట్లోకి పోకుండా కూడా చూసుకోండి.

తీసే పద్ధతి వీడియోలో ఉంది, ఒక్క ముక్క మాత్రం మళ్లీ చెప్తాను. పైన నరికితే మొదలు నుంచి నాలుగింతలు చిగుళ్లు వస్తాయి, తగలబెట్టినా మళ్లీ లేస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్. బాబు గారి పద్ధతి ఏమిటంటే, చిగురు పుట్టే మొదలుకు కొంచెం కిందగా, మట్టిలోనే తల్లివేరును నరికి, మొక్కను ఎత్తి తలకిందులుగా పెట్టడం. మొదటి వానకు నేల మెత్తబడ్డాక, కాయలు పండకముందే చేయాలి. కాయలున్న కొమ్మలను ఆచ్ఛాదనకు వాడొద్దు, చేనంతా మొలకలే. తీసిన చోట ఖాళీగా వదిలేస్తే రెండేళ్లలో మళ్లీ అదే కమ్ముతుంది. కాబట్టి వెంటనే గడ్డి గింజలో, కలివి మొక్కలో పెట్టి, వానాకాలంలో నెలకోసారి తిరిగి లేత మొలకలు చేత్తో పీకేయండి.

మీ గట్టు మీదిది ఏదో తేలకపోతే ఫొటో పెట్టండి, నేనూ చూస్తాను, మిగతా రైతులూ చెప్తారు. పొద మొత్తం దూరం నుంచి తీస్తే ఏమీ తెలియదు. లేత కొమ్మ, ఆకు అంచు, ముల్లు దగ్గరగా పడేలా తీయండి. ఆకు తుంచితే పాలు వచ్చాయో లేదో కూడా రాయండి.