గీత, గీతం



ఈసారి రెండు మాటలతో మొదలుపెడతాను. గీత అంటే కాగితం మీద గీసేది. గీతం అంటే పాడేది. సంగీతం క్లాసులో అలంకారాలు అయ్యాక నేర్పేవి గీతాలే. మొదటిది తెలుగు మాట, రెండోది సంస్కృతం నుంచి వచ్చింది. చుట్టరికం ఏమీ లేదు. ఇంగ్లీషు మీడియంలో చదివి, యాభై దాటాక పెద్ద బాలశిక్ష తెరిచినదాన్ని కాబట్టి, చాలా రోజులు రెండూ ఒకటే అనుకున్నాను.

అయితే నేనుండే ఈ ఇంగ్లండులోనే ఒకావిడ నిజంగా గీత గీసి గీతం పలికించారు. పేరు డాఫ్నీ ఓరమ్. 1925లో పుట్టారు. యుద్ధకాలంలో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో సీటు వచ్చినా వద్దనుకొని బీబీసీలో స్టూడియో పనికి చేరారు. అక్కడ ఆసిలోస్కోప్ చూశారు. మైకులో మాట్లాడితే ఆ మాట తెర మీద వంకర గీతగా కనిపించే పరికరం అది. శబ్దం గీత అవుతుంటే, గీత శబ్దం ఎందుకు కాకూడదు? ఆ ప్రశ్న ఆవిడని జీవితాంతం వదల్లేదు.

1949లో ‘స్టిల్ పాయింట్’ అని ఒక రచన చేశారు. రెండు ఆర్కెస్ట్రాలు, మైకులు, గ్రామఫోన్ రికార్డులు కలిపి వాయించాలి. బీబీసీ తీసుకోలేదు. 1958లో డెస్మండ్ బ్రిస్కోతో కలిసి బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండానే ఉద్యోగం మానేసి, కెంట్‌లో టవర్ ఫాలీ అనే పాత కట్టడంలో సొంత స్టూడియో పెట్టుకున్నారు. 1962లో గుల్బెంకియన్ ఫౌండేషన్ డబ్బు సాయం చేసింది. అలా తయారైన యంత్రం పేరు ఓరమిక్స్.

దాని పని చెప్తాను. పది సినిమా ఫిల్మ్ పట్టీలు, 35 మిల్లీమీటర్లవి, పక్కపక్కనే కదులుతుంటాయి. వాటి మీద ఆవిడ చేత్తో గీస్తారు. కొన్ని పట్టీల మీది గుర్తులు స్థాయిని చెప్తాయి. ఇంకొన్నిటి మీది గీతలు శబ్దం ఎంత గట్టిగా ఉండాలో చెప్తాయి. నాదం ఎలాంటిదో చెప్పే ఆకారాన్ని విడిగా గాజు పలకల మీద గీస్తారు. ఒక వైపు వెలుతురు, ఇంకో వైపు ఆ వెలుతురుని కరెంటుగా మార్చే ఫోటోసెల్స్. గీత ఎంత వెలుతురుని అడ్డుకుంటే శబ్దం అంత మారుతుంది.

మనకి ఇది మరీ కొత్తేం కాదు. మన పాత సినిమా రీలు అంచున అలల్లాంటి ఒక గీత ఉండేది. దాని మీద వెలుతురు పడితేనే హాల్లో ఘంటసాల గారి గొంతు వినిపించేది. కాకపోతే అది ముందే పాడిన పాట. ఓరమ్ ఎవరూ పాడని పాటకి గీత గీశారు.

2011లో లండన్ సైన్స్ మ్యూజియంలో ఆ యంత్రాన్ని చూశాను. అద్దాల వెనకాల ఉంది, పలకడం లేదు. ఆశ్చర్యం ఏమీ లేదు, గీసే చెయ్యి 2003లోనే వెళ్లిపోయింది.

ఇప్పుడు మా గుడి సంగతి.

మా గుళ్లో హారతి వేళ జేగంట కొట్టడం పిల్లల పని. జేగంట అంటే పళ్లెంలా ఉండి, చిన్న కర్రసుత్తితో కొట్టే కంచు గంట. నీ వంతా నా వంతా అని రోజూ తగువే. ఒకసారి మా మనవరాలు హారతి అయిపోయినా ఆపకుండా కొడుతూనే ఉంది. పంతులు గారితో సహా అందరూ నవ్వారు. తర్వాత కమిటీలో ఒక మిషను తెద్దామన్నారు. స్విచ్ వేస్తే డోలు, గంటలు, తాళం అన్నీ దానంతట అదే కొడుతుంది. చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను.

మిషను తప్పు కొట్టదు. మొదటి రోజు మా మనవరాలు నా కొంగు పట్టుకొని, “అమ్మమ్మా, ఇప్పుడు నేనేం చెయ్యాలి?” అని అడిగింది. దణ్ణం పెట్టుకో అన్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. ఇప్పుడు హారతి వేళకి పిల్లలు చెప్పుల స్టాండు దగ్గర ఆడుకుంటున్నారు.

కరెంటు శబ్దంలో మనిషి ఉండడని మా కమిటీలో కొందరు పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. ఓరమ్ యంత్రం నిండా కరెంటే. కానీ గియ్యకపోతే మూగది. చెయ్యి వణికితే శబ్దమూ వణుకుతుంది. మా గుడి మిషను మనం ఉన్నా లేకపోయినా ఒకేలా మోగుతుంది. కాబట్టి కొత్త మిషను వచ్చినప్పుడల్లా అడగాల్సింది ఒకటే: ఇది మన చేతికి పని ఇస్తుందా, ఉన్న పని లాక్కుంటుందా?

తెలుగు నేర్చుకునే మనకీ ఈ ప్రశ్న ఉంది. రెండక్షరాలు కొట్టగానే ఫోను మిగతా మాట చూపిస్తుంది. నేనూ వాడతాను, ఇది దానితోనే రాస్తున్నాను. కానీ రోజూ ఒక పేజీ చేత్తో రాస్తాను. నా ‘ఝ’ ఇప్పటికీ కాళ్లు చాపుకొని పడుకుంటుంది. పడుకోనివ్వండి, అది నా ‘ఝ’.

ఓరమ్ చేత్తో రాసిన ‘స్టిల్ పాయింట్’ మొదటిసారి వినిపించింది 2016లో. అరవై ఏడేళ్లు కాగితం మీదే ఉండిపోయింది. ఆవిడ వినలేదు. కానీ రాసి పెట్టారు కాబట్టి మనం వినగలిగాం.

మామూలు రోజుల్లో గుళ్లో నలుగురే ఉంటారు, అప్పుడు మిషను ఉండనివ్వండి. ఆదివారం మాత్రం స్విచ్ ఆపి జేగంట పిల్లలకి ఇద్దామని వచ్చే మీటింగులో అడగబోతున్నాను. మిషనుకి చెయ్యెత్తినదాన్ని నేనే కాబట్టి అడగాల్సిందీ నేనే.

మీ ఊరి గుళ్లో గంట ఎవరు కొడుతున్నారు? రాయండి. చేత్తో రాసి ఫోటో పంపితే ఇంకా సంతోషం.